క్లెయిమ్స్ బ్యాక్ ఆఫీసు నుంచి యూఎక్స్ డిజైన్‌లోకి రావాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

తణుకు_అమ్మాయి

అన్నలకీ అక్కలకీ నమస్తే. మాది తణుకు దగ్గర పల్లెటూరు. 2024లో ఈసీఈలో బీటెక్ అయింది, క్యాంపస్‌లో ఏమీ రాలేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక బీపీఓలో హెల్త్ ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ ప్రాసెస్‌లో చేస్తున్నాను. ఆస్పత్రి బిల్లులు, డిశ్చార్జి సమ్మరీలు చూసి వివరాలు సిస్టమ్‌లో ఎక్కించాలి. ఏదైనా కాగితం తక్కువైతే క్వెరీ పెట్టాలి. షిఫ్టులు, టార్గెట్లు మామూలే. ఎస్సార్ నగర్‌లో హాస్టల్లో ఉంటున్నాను.

మా రూమ్మేట్ ఫ్రంటెండ్ డెవలపర్. తన లాప్‌టాప్‌లో యాప్‌ల తెరలు గీసే సాఫ్ట్‌వేర్ ఫిగ్మా చూసినప్పటి నుంచీ నా మనసంతా యూఎక్స్ డిజైన్ మీదే, అంటే యాప్‌లు వాడేవాళ్లకి తేలిగ్గా ఉండేట్టు రూపొందించే పని మీదే. షిఫ్టు అయ్యాక యూట్యూబ్ చూసి నేర్చుకుంటున్నాను. ఒక ఫుడ్ డెలివరీ యాప్‌ని నాకు తోచినట్టు రీడిజైన్ చేశాను. ఒక మెడిటేషన్ యాప్, ఒక ట్రావెల్ యాప్ కూడా చేసి పోర్ట్‌ఫోలియోలో పెట్టాను. చాలా చోట్ల అప్లై చేశాను, ఒక్క కాల్ రాలేదు.

అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు నాలుగు నెలల కోర్సు, 65 వేలు ఫీజు, నూరు శాతం ప్లేస్‌మెంట్ అంటున్నారు. ఈఎంఐ కూడా ఉందట. నాన్నేమో బ్యాంకు కోచింగ్‌లో చేరమంటున్నారు. నాకు బొమ్మలు గీయడం రాదు. ఇంగ్లిష్ అర్థమవుతుంది గానీ మాట్లాడాలంటే తడబడతాను. పైగా ఈ పనంతా ఇక ఏఐ చేసేస్తుందని ఆఫీసులో ఒకటే మాట. అసలు ఇందులోకి రావడం తెలివైన పనేనా? వస్తే ఏ పని ముందు చేయాలి? కొంచెం టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

కోడ్_కుర్రాడు

ఈఎంఐ పెట్టి మాత్రం చేరకండి. మా బ్యాచ్‌లో ఇద్దరు అలా చేరారు. ఉద్యోగం రాకపోయినా ఈఎంఐ ఆగదు కదా. ప్లేస్‌మెంట్ అంటే వాళ్లు ఇచ్చింది ఒక ఇంటర్వ్యూ షెడ్యూలే. ఫిగ్మాలో ఉచిత ప్లాన్ ఉంది, మొదలుపెట్టడానికి అది సరిపోతుంది. మిగతాది పెద్దవాళ్లు చెప్తారు.

రేపల్లె_ప్యాసింజర్

చెల్లీ, నాకంటే బాగా చిన్నదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నేను తెనాలిలో బీకాం చదివి, కస్టమర్ సపోర్ట్‌లో ఫోన్లు ఎత్తుతూ ఎత్తుతూ ఈ పనిలోకి వచ్చాను. ఇప్పుడు మాదాపూర్‌లో ఒక ప్రొడక్ట్ కంపెనీలో డిజైన్ టీమ్ చూస్తున్నాను. జూనియర్లను తీసుకునేటప్పుడు పోర్ట్‌ఫోలియోలు ముందు నా దగ్గరికే వస్తాయి. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నీకు కాల్స్ ఎందుకు రావడం లేదో నువ్వు రాసినదాంట్లోనే ఉంది. ఫుడ్ డెలివరీ రీడిజైన్, మెడిటేషన్ యాప్, ట్రావెల్ యాప్. నాకు వచ్చే పోర్ట్‌ఫోలియోల్లో చాలావాటిలో ఈ మూడే ఉంటాయి, రంగులు మాత్రం మారతాయి. అవి చేయడం తప్పని అనను, ఫిగ్మా మీద చేయి తిరగడానికి పనికొస్తాయి. కానీ నేను వాటిని చూసి ఏం తెలుసుకోవాలి? ఆ కంపెనీ ఆ బటన్‌ని అక్కడ ఎందుకు పెట్టిందో నీకు తెలియదు. దాన్ని తీసేస్తే ఎన్ని ఆర్డర్లు పోతాయో తెలియదు. మెడిటేషన్ యాప్ ఎవరికి కావాలని నీ దగ్గరికి వచ్చి అడిగారు? సమస్య నీది కానప్పుడు పరిష్కారం ఎంత అందంగా ఉన్నా దాని గురించి నిన్ను అడగడానికి నాకు ప్రశ్న దొరకదు. ప్రశ్న దొరక్కపోతే ఇంటర్వ్యూకి పిలవను.

మేము తీసుకున్న ఒక అబ్బాయి గురించి చెప్తాను. పల్నాడు వైపు వాడు, డిగ్రీ బీఎస్సీ. పోర్ట్‌ఫోలియోలో ఒకటే ప్రాజెక్టు. వాళ్ల మేనమామకి ఎరువులు, పురుగుమందుల కొట్టు ఉంది. రైతులు సీజన్ మొదట్లో అరువు పట్టుకెళ్లి పంట అమ్మాక కడతారు. మామయ్య ఖాతా పుస్తకం మానేసి ఫోన్లో ఖాతా యాప్ పెట్టుకున్నాడు, కొన్నాళ్లకే మళ్లీ పుస్తకానికి వచ్చేశాడు. ఎందుకొచ్చాడన్నదే ఆ అబ్బాయి ప్రాజెక్టు.

వాడు యూరియా లోడు దిగిన రోజు కొట్లో ఓ మూల కూర్చుని చూశాడు. పుస్తకంలో పేజీలు ఊళ్ల వారీగా ఉన్నాయి. ఊరు కింద ఇంటిపేరు, ఆ తర్వాత మనిషి పేరు, పక్కన 'చెరువు కింద పొలం' అనో 'బడి పక్క ఇల్లు' అనో చిన్న గుర్తు. యాప్ ఏం అడుగుతోంది? ముందు ఫోన్ నంబరు. రైతు ఫోన్ కొడుకు దగ్గర ఉంటుంది, నంబరు నోటికి రాదు. తర్వాత ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్. జాబితాలో వెతికితే వరసగా నలుగురు వెంకటేశ్వర్లు. పేరు పొడుగైతే సగంలో మూడు చుక్కలు పెట్టి కోసేస్తోంది, అందరూ 'వెంకట...' అయిపోతున్నారు. బయట జనం అరుస్తుంటే గుమస్తా ఎవరి పద్దులో రాయాలి?

ఊరు ముందు, ఇంటిపేరు తర్వాత వచ్చేట్టు వాడు కాగితం మీద పెన్సిల్‌తో తెరలు గీసి గుమస్తా చేతికిచ్చాడు. గుమస్తా మనిషిని చటుక్కున పట్టేశాడు. రైతు కొట్లోకి రాగానే అడిగే మొదటి మాట 'నా బాకీ ఎంతుంది' కాబట్టి పేరు పక్కనే బాకీ పెద్ద అక్షరాల్లో పెట్టాడు. అది చూసి మామయ్య ఒప్పుకోలేదట. కౌంటర్ మీద ఫోన్ ఉంటే పక్కన నిలబడ్డ నలుగురికీ కనిపిస్తుంది, పదిమంది ముందు బాకీ బయటపడితే ఆ రైతు మళ్లీ మన కొట్టు గడప తొక్కడు అన్నాడట. దాంతో బాకీని దాచేసి, పేరు మీద వేలు ఆనించి ఉంచినంతసేపే కనిపించేట్టు మార్చాడు.

చూడు, ఈ విషయం ఏ యూట్యూబ్ వీడియోలోనూ దొరకదు. మా ఇంటర్వ్యూ సమయం అంతా దీని మీదే గడిచింది. రైతు సంతకం సంగతేంటి, తిరిగిచ్చిన బస్తా ఎలా రాస్తారు, కరెంటు పోయి నెట్ లేకపోతే ఎలా అని మేం అడుగుతూనే ఉన్నాం. వాడి తెరలు చాలా సాదాగా ఉన్నాయి. అవి నేర్పించడం మాకు కష్టం కాలేదు.

ఇప్పుడు నీ సంగతికి వద్దాం. నువ్వు రోజూ క్లెయిమ్ కాగితాల మధ్య కూర్చుంటున్నావు. ఎక్కువగా ఏ కాగితం తక్కువవుతుందో నీకు తెలుసు. ఫైనల్ బిల్లు పెట్టి దాని బ్రేకప్ పెట్టకపోవడం, డిశ్చార్జి సమ్మరీని వంకరగా, నీడ పడేట్టు ఫొటో తీయడం, పాలసీలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి ఆధార్‌లో పూర్తిగా ఉండడం, ఇవన్నీ నీకు కంఠోపాఠం అయ్యుంటాయి. ఒక క్వెరీ వెళ్తే అవతలివాళ్లకి అర్థం కాక మళ్లీ అదే తప్పు కాగితం పంపడం కూడా చూసే ఉంటావు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి, జేబులోంచి కట్టిన డబ్బు ఎప్పుడొస్తుందా అని చూసే మనిషికి ఒక్కో క్వెరీ ఎంత బాధో ఆలోచించు. బయట ఉన్న డిజైనర్ ఇదంతా తెలుసుకోవాలంటే నెలలు పడుతుంది. నువ్వు ఆ కుర్చీలోనే కూర్చుని మెడిటేషన్ యాప్ చేస్తున్నావు!

అయితే ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి. ఆఫీసు సిస్టమ్ స్క్రీన్‌షాట్ ఒక్కటి కూడా బయటికి రాకూడదు. పేషెంటు పేరు, జబ్బు, క్లెయిమ్ నంబరు, ఆఫీసు లెక్కలు ఏవీ నీ ప్రాజెక్టులో ఉండకూడదు. ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, వేరేవాళ్ల ఆరోగ్యం వివరాలు బయటపెట్టడం చట్టం ముందు కూడా తప్పే. పోర్ట్‌ఫోలియోలో ఇలాంటివి కనిపిస్తే నేను ఆ మనిషిని అక్కడికక్కడే పక్కన పెడతాను, రేపు మా కస్టమర్లవీ అలాగే పెడతారని. నీ అనుభవం నీకు ఎటు చూడాలో చెప్తుంది, అంతవరకే వాడుకో. సమాచారం బయట మనుషుల దగ్గర సేకరించు. మీ ఊళ్లో, మీ హాస్టల్లో రీయింబర్స్‌మెంట్, అంటే ముందు తామే కట్టి తర్వాత డబ్బు వెనక్కి అడిగే క్లెయిమ్, పెట్టుకున్నవాళ్లు ఉండకపోరు. వాళ్లను కూర్చోబెట్టి మొదటి రోజు నుంచీ ఏం జరిగిందో చెప్పమను. ఏ కాగితం కోసం మళ్లీ ఆస్పత్రికి వెళ్లారు, ఏ కౌంటర్‌లో అడిగారు, ఎవరు ఏం చెప్పారు, బస్సుకి ఎంతైంది అన్నీ రాసుకో.

తర్వాత ఒక చిన్న ముక్క పట్టుకో. మొత్తం ఇన్సూరెన్స్ యాప్ చేయొద్దు. క్వెరీ వచ్చినప్పుడు ఆ మనిషి ఫోన్‌కి వెళ్లే మెసేజీ, అది నొక్కాక తెరుచుకునే ఒక్క పేజీ, ఫొటో తీసే తెర. ఈ మూడు చాలు. మెసేజీలో ఏ కాగితం కావాలి, అది ఆస్పత్రిలో ఎవరిస్తారు, ఎప్పటిలోగా పంపాలి అనేవి కనిపిస్తున్నాయా? ఫొటో మసకగా ఉంటే పంపకముందే చెప్తోందా? పంపాక 'అందింది, చూస్తున్నాం' అని వస్తోందా? వాడేవాళ్లకి తేలిగ్గా ఉండే డిజైన్ మీద పరిశోధన చేసిన జాకబ్ నీల్సన్ 1994లో ఇచ్చిన పది సూత్రాల్లో మొట్టమొదటిది ఇదే, లోపల ఏం జరుగుతోందో మనిషికి ఎప్పటికప్పుడు తెలియాలి అని. ఆ పదీ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. బట్టీ పట్టకుండా, ఒక్కోదానికీ నీ క్లెయిమ్స్ పనిలోంచి ఒక ఉదాహరణ రాసుకో.

గీశాక ఐదుగురికి చూపించు. ఐదుగురితోనే పెద్ద తప్పులు చాలావరకు బయటపడతాయని నీల్సన్ 2000లో రాశాడు, ఆ లెక్క మీద ఇప్పటికీ వాదనలున్నా మొదలుపెట్టేవాళ్లకి అది చాలు. 'బాగుందా?' అని మాత్రం అడగొద్దు, మనవాళ్లు మొహమాటానికి బాగుందనే అంటారు. 'పిన్నీ, మీకు ఈ మెసేజీ వచ్చిందనుకోండి, ఏం చేస్తారు?' అని ఫోన్ చేతికిచ్చి నోరు మూసుకుని చూడు. వేలు ఎక్కడ ఆగింది, ఏ మాట దగ్గర పైకి కిందికి చదివారు, ఎప్పుడు నీ మొహం వైపు చూశారు, అవే రాసుకో. సాయం చేయాలని నీ చేయి లేస్తుంది, లేవనివ్వకు.

బొమ్మలు రాకపోవడం అసలు అడ్డే కాదు. డబ్బాలు, గీతలు, బాణాలు గీయగలిగితే చాలు.

ఇంగ్లిష్ గురించి ఉన్నమాట చెప్తాను. ఇంటర్వ్యూలు ఎక్కువ చోట్ల ఇంగ్లిష్‌లోనే జరుగుతాయి, రోజువారీ మీటింగులూ అంతే. కాబట్టి నేర్చుకోక తప్పదు. కానీ యాంకర్‌లా మాట్లాడాల్సిన పనిలేదు. నీ ప్రాజెక్టు ఒక్కటి, మొదటి నుంచి చివరిదాకా, చిన్న చిన్న వాక్యాల్లో ఐదు నిమిషాలు చెప్పగలగాలి. ఫోన్లో రికార్డు చేసుకుని విను. ముందు తెలుగులో గడగడా చెప్పగలుగుతున్నావో లేదో చూసుకో. తెలుగులో తడబడితే అక్కడ తగ్గింది భాష కాదు, విషయం.

ఇక నీ తెలుగు. చాలామంది డిజైనర్లు తెర మొత్తం ఇంగ్లిష్‌లో గీసి, చివర్లో తెలుగు అతికిస్తారు. ఇంగ్లిష్ అక్షరం ఒక వరసలో కూర్చుంటుంది. మనకి పైన గుడులు, కింద ఒత్తులు. 'లక్ష్మి', 'స్త్రీ', 'రాష్ట్రం' అని బటన్‌లో పెట్టి చూడు. ఇంగ్లిష్‌కి సరిపోయిన ఎత్తులో కింద ఒత్తు తెగిపోతుంది, లేదా కింది వరస గుడికి తగులుతుంది. అందుకే తెలుగుకి వరసల మధ్య ఖాళీ ఎక్కువ కావాలి, నేనైతే అక్షరం సైజుకి 1.6 రెట్ల దగ్గర మొదలుపెట్టి కంటితో సరిచూస్తాను. మనకి క్యాపిటల్ అక్షరాలు లేవు కాబట్టి శీర్షికని వేరుగా చూపించాలంటే సైజు, మందం, రంగు వీటితోనే చూపించాలి. నమూనా పేర్లుగా రవి, సీత పెట్టకు, 'వెంకట నాగ సత్యనారాయణమూర్తి' అని పెట్టు. అది పట్టే తెరలో ఏ పేరైనా పడుతుంది. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే ఉన్నాయి. నీ మూడు తెరలూ తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ ఏం మార్చావో రాయి. ఆ పేజీ ముందు నేను ఆగిపోతాను.

ఏఐ గురించి మీ ఆఫీసులో అనేది పూర్తిగా కొట్టిపారేయలేం. ఏ తెర కావాలో మాటల్లో రాస్తే నిమిషంలో గీసిచ్చే పనిముట్లు వచ్చేశాయి, మా టీమ్‌లోనూ వాడుతున్నాం. తెరలు గీయడానికే జూనియర్లను పెట్టుకునే రోజులు తగ్గుతున్నాయి. అందుకే నిన్ను గీత దగ్గర కాకుండా కొట్టు దగ్గర, కౌంటర్ దగ్గర మొదలుపెట్టమంటున్నాను. బాకీ పదిమందికీ కనిపించకూడదని మామయ్య చెప్పింది, ఆ మూల కూర్చున్నవాడికే వినిపించింది.

ఉద్యోగం మాత్రం మానకు. నాన్నగారి భయం న్యాయమైనదే, నెలనెలా జీతం చేతికొస్తుంటే ఆయనా కాస్త నెమ్మదిస్తారు, నువ్వూ కంగారులో ఏదో ఒక ఆఫర్‌కి తలూపవు. ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లాలనే ఉంటే ఆ 'నూరు శాతం' మాట కాగితం మీద రాసిమ్మను, ఉద్యోగం రాకపోతే ఫీజు వెనక్కి ఇస్తారేమో అడుగు. పోయిన బ్యాచ్ వాళ్లను వాళ్లు చూపించినవాళ్లు కాకుండా నువ్వే లింక్డిన్‌లో వెతికి పట్టుకుని మాట్లాడు. అప్పుడు నీకే తెలుస్తుంది.

స్కెచ్‌బుక్_2019

రేపల్లె అక్క రాసిన దారి మంచిదే. ఇంకో దారి కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. ఎం.డెస్, అంటే డిజైన్‌లో పీజీ. నేను ఈఈఈ బీటెక్ చేసి సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి వెళ్లాను. సీడ్‌ని ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది, పరీక్ష జనవరిలో ఉంటుంది. మూడేళ్లు లేదా అంతకంటే ఎక్కువ కాలం డిగ్రీ చదివినవాళ్లు ఎవరైనా రాయొచ్చు, వయసు పరిమితి లేదు, ఎన్నిసార్లయినా రాయొచ్చు. రెండు భాగాలుంటాయి. ఒకటి కంప్యూటర్ మీద, రెండోది కాగితం మీద గీసి, రాసి చూపించాలి. బొమ్మలు రాదన్నారు కదా, ఇక్కడ మాత్రం కొంత గీయాలి, అది అభ్యాసంతో వచ్చేదే. ఐఐటీ బాంబేలో డిజైన్ విభాగం 1969 నుంచీ ఉంది. మన దగ్గర ఐఐటీ హైదరాబాద్‌లోనూ ఎం.డెస్ ఉంది. అహ్మదాబాద్‌లోని డిజైన్ విద్యాసంస్థ ఎన్‌ఐడీకి మాత్రం వేరే పరీక్ష, డాట్ అంటారు.

రెండేళ్లు జీతం ఉండదు, ఫీజు ఉంటుంది. ఇల్లు గడవడం మీ జీతం మీద ఆధారపడి ఉంటే ఇప్పుడే వద్దు. ఆ ఇబ్బంది లేకపోతే, రెండేళ్లు మంచి గురువుల దగ్గర, తోటివాళ్ల మధ్య తప్పులు చేస్తూ నేర్చుకోవడం చాలా పెద్ద విషయం. నాన్నగారికి కూడా 'ఐఐటీ' అంటే కాస్త సులువుగా అర్థమవుతుంది.

టెస్టింగ్_టు_డిజైన్

నేను బెంగళూరులో ఉంటాను, ఊరు కర్నూలు. మాన్యువల్ టెస్టింగ్ చేస్తూ అదే కంపెనీలో డిజైన్‌కి మారాను. అక్కా, ఒక్క విషయంలో మీతో ఏకీభవించలేను. తెరలు సాదాగా ఉన్నా పర్లేదన్నారు. మీది ప్రొడక్ట్ కంపెనీ, నేర్పించే తీరిక ఉంది. సర్వీస్ కంపెనీల్లో అంత తీరిక ఉండదు. మొదటి వడపోత హెచ్ఆర్ చేస్తారు, వాళ్లకి కంటికి నీటుగా కనిపించాలి. ఫిగ్మాలోని ఆటో లేఅవుట్, కాంపొనెంట్లు, వేరియంట్లు లాంటి పనిముట్లు చేతికి రాకపోతే మొదటి వారంలోనే వెనకబడిపోతారు. నేను ఇప్పటికీ వారానికి ఒక తెర, బాగుందనుకున్న యాప్‌ది చూసి అచ్చం అలాగే గీస్తాను. ఖాళీలు, అక్షరాల సైజులు ఎందుకలా పెట్టారో గీస్తేనే అర్థమవుతుంది.

తణుకు చెల్లెమ్మకి ఇంకో మాట. కాంట్రాస్ట్ చూసుకోండి. మామూలు సైజు అక్షరాలకి, వెనక రంగుకి మధ్య కనీసం 4.5కి 1 నిష్పత్తి ఉండాలని, వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేట్టు ఉండాలని పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం చెప్తుంది. లేత బూడిద రంగు అక్షరాలు తెల్లటి తెర మీద ఫ్యాషన్‌గా ఉంటాయి, ఎండలో బస్టాండులో ఫోన్ తీస్తే కనపడవు. బటన్లు ఆండ్రాయిడ్‌లో 48 డీపీ (తెర మీద సైజుకి ఆండ్రాయిడ్ వాడే కొలత) కంటే చిన్నవి చేయకండి. ఇవి చెక్ చేశానని పోర్ట్‌ఫోలియోలో ఒక్క లైను రాస్తే, చదివేవాళ్లకి మీ మీద నమ్మకం పెరుగుతుంది. నా మొదటి ఇంటర్వ్యూలో సగం సేపు దీని గురించే అడిగారు, టెస్టింగ్ నుంచి వచ్చాను కాబట్టి చెప్పగలిగాను.

మీ కంపెనీలోనే డిజైన్ టీమ్ ఉందేమో కూడా కనుక్కోండి. లోపల నుంచి మారడం బయట నుంచి రావడం కంటే తేలిక.

రేపల్లె_ప్యాసింజర్

కర్నూలు తమ్ముడు చెప్పింది ఒప్పుకుంటాను. చూసి గీసే సాధన చేయాల్సిందే, రోజూ కొంచెం. దాన్ని పోర్ట్‌ఫోలియోలో ప్రాజెక్టుగా పెట్టొద్దు, అంతే నా మాట. లోపల నుంచి మారడం గురించి అన్నది కూడా నిజం, నేనూ సపోర్ట్ నుంచి అలాగే వచ్చాను.

ఇంకోటి రాయడం మర్చిపోయాను. ఇంటర్వ్యూల్లో ఈ మధ్య డార్క్ ప్యాటర్న్స్, అంటే వాడేవాళ్లని మోసపుచ్చే డిజైన్ల గురించి అడుగుతున్నారు, అడగకపోయినా తెలుసుకో. టికెట్ కొంటుంటే మనం అడక్కుండానే ఇన్సూరెన్స్ టిక్ పెట్టి ఉంచడం, చేరడం ఒక్క నొక్కుతో, మానేయడం మాత్రం పది మెట్లు దాటితే గానీ దొరక్కపోవడం, ఇలాంటివి. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వీటి మీద మార్గదర్శకాలు తెచ్చింది, 13 రకాలు పేర్లతో సహా చెప్పింది. ఉద్యోగంలో చేరాక ఏదో ఒక రోజు పైవాళ్లు 'ఆ టిక్ ముందే పెట్టేయ్' అంటారు. 'వద్దు సార్' అనడానికి గుండె ధైర్యం ఒక్కటీ సరిపోదు, చేతిలో ఆ కాగితం ఉంటే మాట నిలబడుతుంది. నాకు ఇది చాలా ముఖ్యమైన విషయం. మనం ఒక్క టిక్ పెడితే ఎక్కడో చదువు తక్కువైన ఒక పెద్దాయన డబ్బు పోతుంది, పోయిందని ఆయనకి తెలియను కూడా తెలియదు.

తణుకు_అమ్మాయి

అందరికీ చాలా థాంక్స్. రేపల్లె అక్కా, మీ పోస్టు రూమ్మేట్‌కి కూడా చదివి వినిపించాను.

మా హాస్టల్లో వంట చేసే ఆంటీ వాళ్లాయనకి పోయిన వేసవిలో ఆపరేషన్ అయిందట. డబ్బు కట్టి తర్వాత క్లెయిమ్ పెట్టుకున్నారు. నిన్న అడిగితే ఆవిడ ప్లాస్టిక్ కవర్ తెచ్చి కాగితాలన్నీ మంచం మీద పరిచారు. క్వెరీ మెసేజీ ఇంగ్లిష్‌లో వచ్చిందట. అర్థం కాక వీధి చివర జిరాక్స్ షాపు అబ్బాయికి చూపించారట. అతను చెప్పిన కాగితం తెచ్చి, ఆ షాపులోనే స్కాన్ చేయించి, అతని మెయిల్ నుంచే పంపారట! తర్వాత కంపెనీ జవాబు కూడా అతని మెయిల్‌కే వచ్చింది, వీళ్లకి చాలా రోజులు తెలియలేదు. నేను ఆఫీసులో ఇలాంటి మెయిల్ ఐడీలు ఎన్నో చూశాను, ఒకే ఐడీ నుంచి వేర్వేరు పాలసీలకి కాగితాలు వస్తాయి. అవి ఏజెంట్లవి అనుకునేదాన్ని. జిరాక్స్ షాపులవని ఇప్పుడు అర్థమైంది.

మూడు తెరల్లో ఆ షాపు అబ్బాయి ఎక్కడా లేడు కదా అక్కా. ఆయన్ని కూడా కలవాలా? కలిస్తే వీడియో తీయొచ్చా? ప్రాజెక్టు తెలుగులో రాయాలా ఇంగ్లిష్‌లోనా? ఎం.డెస్ గురించి చెప్పిన అన్నకి థాంక్స్, ఇప్పుడు ఇంట్లో వీలుపడదు, తమ్ముడి చదువు అయ్యాక ఆలోచిస్తాను.

రేపల్లె_ప్యాసింజర్

చెల్లీ, అదే నీ ప్రాజెక్టు. నేను చెప్పిన మూడు తెరలు పక్కన పెట్టెయ్. కాగితం పంపేది ఆంటీ కాదు, షాపు అబ్బాయి. మరి ఆ పేజీ తెరుచుకోవాల్సింది ఎవరి ఫోన్లో? ఆంటీకి వచ్చిన మెసేజీలోని లింకుని అతని కంప్యూటర్‌లో ఎలా తెరవాలి, తెరిచినా ఆమె జబ్బు వివరాలు అతనికి కనపడకుండా ఎలా ఉంచాలి, జవాబు మాత్రం ఆంటీ నంబరుకే ఎలా రావాలి? ఈ మూడు ప్రశ్నలకి జవాబు వెతుకు. అతన్ని దాటేసే పరిష్కారం చేయకు, ఆ వీధిలో అందరూ నమ్మే మనిషి అతనే.

తప్పకుండా కలువు. ముందు మామూలుగా జిరాక్స్ తీయించుకుని, నేనిలా నేర్చుకుంటున్నాను, కాసేపు ఇక్కడ కూర్చుని చూడొచ్చా అని అడుగు. వీడియో వద్దు. అక్కడికి వచ్చేవాళ్ల ఆధార్లు, పాన్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు బల్ల మీద పడి ఉంటాయి. నోట్‌బుక్‌లో రాసుకో. మాటలు రికార్డు చేయాలంటే అడిగి చేయి, వద్దంటే మానెయ్. ఫొటో తీస్తే బల్ల, స్కానర్, గోడ మీద రేట్ల బోర్డు వరకే, మనుషుల మొహాలు, కాగితాలు రాకూడదు. ఆంటీ పేరు ప్రాజెక్టులో మార్చెయ్, మార్చానని ఆవిడకి చెప్పు.

రాయడం ఇంగ్లిష్‌లోనే రాయి, అప్లికేషన్ చూసేవాళ్లు అందరూ తెలుగువాళ్లు కారు. మనుషులు అన్న మాటలు మాత్రం తెలుగులో ఎలా అన్నారో అలాగే పెట్టి, కింద ఇంగ్లిష్‌లో అర్థం ఇవ్వు.

సాయంత్రం పూట వెళ్లకు. కోచింగ్ పిల్లల నోట్సులతో ఆ షాపులు కిటకిటలాడుతుంటాయి, అతనికి మాట్లాడే తీరిక ఉండదు. నీకు మధ్యాహ్నం షిఫ్టు ఉన్న వారంలో పొద్దున్నే, షట్టర్ తీసిన కాసేపటికి వెళ్లు. నోట్స్ రాసుకున్నాక, పేర్లు తీసేసి, ఇదే థ్రెడ్‌లో పెట్టు. తెరలు గీయకముందే చూస్తాను.